పొట్టి స్టూలు మీంచి: చిరాకు కస్టమర్లతో నెగ్గుకు రావడం

చెప్పుల షాపులో మేం కూర్చునే చోటు కస్టమర్ కాళ్ల దగ్గరుండే పొట్టి స్టూలు. ఆయన బెంచీ మీద, మేం కింద. మాట్లాడాలంటే మేం తలెత్తాలి, ఆయన తల దించాలి. 16 ఏళ్లుగా నేను ఆ స్టూలు మీదే ఉన్నాను. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారంలోనే అడుగుతారు: "అక్కా, ఇన్ని మాటలు పడి కూడా ఎలా నవ్వుతావు?" నవ్వడం లేదు నాయనా, పళ్లు బిగబట్టాను, దూరం నుంచి చూస్తే అది నవ్వులా కనిపిస్తుంది. మొదటి రెండేళ్లూ అంతే గడిచాయి.

తర్వాత ఒక కిటుకు పట్టుబడింది. కస్టమర్ కోపంగా ఉన్నప్పుడు ఆయనకీ మనకీ మధ్య ఏమీ లేకపోతే ఆ కోపం తిన్నగా మన ముఖానికే వచ్చి తగులుతుంది. మధ్యలో ఏదో ఒక వస్తువు పెట్టాలి. కొలత పళ్లెం, బిల్లు, తిరగేసిన షూ, ఏదైనా సరే, ఇద్దరి కళ్లూ దాని మీద పడాలి. ఎదుటివాళ్ల ముఖంలోకి చూస్తూ అరిచినంత తేలిగ్గా ఒక సోల్ వైపు చూస్తూ అరవలేరు. కింద రాసినవాటిలో చాలావరకు ఈ ఒక్క కిటుకు వేసుకున్న వేషాలే. నాకు తెలిసింది చెప్పులు కాబట్టి వాటి గురించే చెబుతాను. బట్టలో ఫోన్లో అమ్మేవాళ్లు మధ్యలో ఏం పెట్టుకోవాలో వాళ్లే చూసుకోవాలి.

"నాది ఎప్పుడూ ఎనిమిదే"

మా గొడవల్లో సగం సైజు దగ్గరే పుడతాయి. "నాది 8. ఇన్నేళ్లుగా 8 వేసుకుంటున్నాను." సరే అని 8 తెస్తాం. పట్టదు. తప్పు కంపెనీదైనా అయ్యుండాలి, తెచ్చిన మనదైనా అయ్యుండాలి. కాలిది మాత్రం కానే కాదు. ఇక్కడ కొత్తవాళ్లు నోరు జారి "మీకు 9 కావాలి సార్" అంటారు. మాట నిజమే, కానీ అవతలి మనిషికి అది "మీ కాలు మీకే తెలీదు" అన్నట్టు వినిపిస్తుంది. ఆ తర్వాత ఆయన 8లోనే కాలు దూర్చి, వేళ్లు ముడుచుకుని, "సరిపోయింది" అని కొనుక్కెళ్తాడు. నాలుగో రోజు కరుస్తోందని వెనక్కి తెస్తాడు. ఆ రోజు కోపం రెండింతలుంటుంది.

వాదన పెట్టుకోకుండా కొలవండి. మడమ ఒక కప్పులో ఆనించి, వేళ్ల దగ్గరికి పట్టీ జరిపే లోహపు పళ్లెం మీ షాపులో ఏ మూలో దుమ్ము కొట్టుకుని ఉండొచ్చు. దాన్ని బ్రానాక్ డివైస్ అంటారు. అమెరికాలో ఒక చెప్పుల వ్యాపారి కొడుకు చార్లెస్ బ్రానాక్ 1920లలో దాన్ని తయారుచేశాడు. దాని మీద మూడు కొలతలు దొరుకుతాయి: మడమ నుంచి వేళ్ల చివరి దాకా ఒకటి, మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కీలు దాకా ఒకటి, అడ్డంగా వెడల్పు ఒకటి. చాలామంది మొదటిదొక్కటే చూసి వదిలేస్తారు. పొడవు సరిపోయినా షూ మడత పడే చోటు ఆ కీలు దగ్గరికి రాకపోతే నడకలో ఇబ్బంది పెడుతుంది. వెడల్పు కాళ్లవాళ్లకి అసలు కావలసింది వెడల్పాటి మోడల్ అయితే, మనం ఒక సైజు పెంచి పొడుగుది అంటగడతాం. మడమ జారుతుంది. మళ్లీ గొడవ.

మనిషిని నిలబెట్టి కొలవండి. బరువు పడితే పాదం సాగుతుంది, కూర్చోబెట్టి తీసిన కొలత తక్కువే చూపిస్తుంది. రెండు కాళ్లూ కొలవండి. రెండూ అచ్చంగా ఒకేలా ఉన్నవాళ్లు నాకు బాగా తక్కువగా తగిలారు. పెద్ద కాలికి సరిపోయేది ఇచ్చి, చిన్న కాలికి కావాలంటే ఇన్‌సోల్ వెయ్యాలి. బొటనవేలి కంటే పక్క వేలు పొడుగ్గా ఉంటే లెక్క దాని నుంచి చూడాలి. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి, పొద్దున్నే వచ్చి బిగుతైన జత ఎంచుకునే వాళ్లకి ఆ సంగతి ముందే చెప్పండి. పొడుగు వేలికీ షూ చివరికీ మధ్య సుమారు మన చేతి బొటనవేలి వెడల్పంత జాగా ఉంటే చాలు.

అసలు కిటుకు అంకె దగ్గరుంది. దాన్ని మీరు చదవకండి. "ఎంత చూపిస్తోంది సార్?" అని ఆయన్నే అడగండి. ఆయన వంగి, కళ్లు చిట్లించి, "తొమ్మిదా?" అంటాడు. తన నోటితో అన్నాక ఇక మీతో పేచీ ఏముంటుంది? ఉంటే ఆ పళ్లెంతోనే. "ఇది సరిగ్గా పనిచేస్తోందా?" అని ఒకరిద్దరు అడుగుతారు. అడగనివ్వండి. పళ్లెం ఏమీ అనుకోదు.

అప్పటికీ ఒప్పుకోని వాళ్లకి గౌరవంగా తప్పుకునే దారి ఒకటి చూపించాలి. అబద్ధం ఆడక్కర్లేదు, సైజు అంకెల్లోనే ఆ దారి ఉంది. బ్రిటిష్ లెక్కలో ఒక సైజుకీ తర్వాతిదానికీ తేడా అంగుళంలో మూడో వంతు, దాదాపు 8.5 మిల్లీమీటర్లు. పూర్వం బార్లీ గింజ పొడవుతో కొలిచిన రోజుల నుంచి వస్తున్న లెక్క అది. యూరప్ లెక్కలో ఆ తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే దాదాపు 6.7 మిల్లీమీటర్లు. ఈ రెండు రకాల మెట్లూ ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు. అందుకే ఒక పెట్టె మీద 42 పక్కన 8 అని ఉంటే, ఇంకో కంపెనీ పెట్టె మీద అదే 42 పక్కన ఏడున్నర ఉంటుంది. మగవాళ్ల అమెరికా సైజు బ్రిటిష్ సైజు కంటే దాదాపు ఒక అంకె ఎక్కువ. ఇదంతా కస్టమర్‌కి పాఠం చెప్పమని కాదు. మీకు తెలిసి ఉంటే ఒక్క ముక్క నమ్మకంగా అనగలుగుతారు: "మీ కాలు మారలేదు సార్, ఈ కంపెనీవాళ్లు అంకెలు వేరే లెక్కలో వేస్తారు." ఆ ముక్క విన్నాక ఆయన భుజాలు ఎంత కిందికి దిగుతాయో గమనించండి. 9 పెట్టె తెచ్చేలోపు లేసులు విప్పుకుని కూర్చుంటారు.

ఇరవై పెట్టెలు దింపించేవాళ్లు

దీని గురించి ఎక్కువ చెప్పను. ఒకేసారి మూడు జతలకి మించి కస్టమర్ ముందు ఉంచకండి. నాలుగోది అడిగితే "తప్పకుండా, ఈ మూడిట్లో ఏది తీసెయ్యమంటారు?" అని అడిగి, ఒకటి పట్టుకెళ్లి ఇంకోటి తీసుకురండి. ఇలా చేస్తే మీ నడుము మిగులుతుంది, ఆయనకీ తనకేం కావాలో తెలిసొస్తుంది. ఫోన్లో మాట్లాడుతూ వేలితో సైగలు చేసేవాళ్ల దగ్గర ఒక జత పెట్టి పక్కన నిలబడండి. సైగల వెంట పరుగెత్తకండి.

"బయట ఇంతకంటే తక్కువకి ఇస్తున్నారు" అనేవాళ్లతో కూడా పేచీ పడకండి. ధర చీటీ పుట్టడంలోనే మనకు మేలుంది. 19వ శతాబ్దం మధ్యలో పారిస్‌లో ల బాన్ మార్షే దుకాణం నడిపిన అరిస్టిడ్ బూసికో, వస్తువు మీద ధర ముందే రాసిపెట్టి, నచ్చకపోతే వెనక్కి తీసుకునే పద్ధతి నడిపిన తొలి పెద్ద వ్యాపారుల్లో ఒకడు. అంతకుముందు ధర అమ్మేవాడి నోట్లో ఉండేది, తిట్లూ ఆ నోటికే తగిలేవి. ఇప్పుడు చీటీ మాట్లాడుతుంది. నేనైతే కొలత కాగితం మీద రాసిచ్చి, "ఎక్కడ కొన్నా ఈ కొలత చూసుకోండి మేడమ్" అంటాను. కొందరు ఆ కాగితం పట్టుకుని మళ్లీ వచ్చారు. రానివాళ్లూ ఉన్నారు. ఆ అమ్మకం ఎలాగూ జరిగేది కాదు.

"అసలు వేసుకోనే లేదు"

వెనక్కి తెచ్చిన జత మన చేతికి రాగానే లోపల ఒక పోలీసు లేస్తాడు. ముందు ఆ పోలీసుని కూర్చోబెట్టండి. సోల్ తిప్పి చూడండి. గాడుల్లో ఇసుక ఉందా? మడమ బయటి అంచు అరిగిందా? చాలామంది నడకలో ముందు నేలకి తగిలేది అదే. వేళ్లు మడిచే చోట ముడతలు పడ్డాయా? లోపల మేజోళ్ల నూలు పీచు ఉందా? ఇవన్నీ కనిపించినా "మీరు వేసుకున్నారు" అనకండి. షూ తిప్పి ఆయన చేతికిచ్చి, "ఇక్కడ గీతలు పడ్డాయి చూడండి" అనండి. మొదటి మాట ఆయన మీద పడుతుంది, రెండోది షూ మీద. మొదటిదానికి ఆయన ఒట్లు పెట్టుకోవాలి, సాక్షుల్ని పిలవాలి. రెండోదానికి "ఒక్కసారి ఇంట్లో..." అని నసిగితే సరిపోతుంది. ఆ నసుగుడు చాలు మనకి. అక్కడ ఆగి రూలు చెప్పండి: ఏం చేయగలరో ముందు, ఏం చేయలేరో తర్వాత.

ఈ పద్ధతి నాకు ఊరికే రాలేదు. పనిలో చేరిన మూడో ఏట ఒక పెద్దాయన పెట్టె పట్టుకుని వచ్చాడు. మూత తీస్తే పైభాగం కొత్తదానిలా మెరుస్తోంది, సోల్ మాత్రం సుద్దముక్కలా పొడైపోయింది. పట్టుకుంటే చేతికి రాలుతోంది. "వేసుకోలేదమ్మా, కొని దాచిపెట్టుకున్నాను" అన్నాడు. నేను నవ్వాను. ఈసారి పళ్లు బిగబట్టిన నవ్వు కాదు, నిజమైన వెటకారం. "వేసుకోకుండానే అరిగిందా అండీ?" అన్నాను, పక్కనున్న ఇద్దరు కస్టమర్లకి వినపడేలా. ఆయన అరవలేదు. రాలిన పొడి కూడా చేత్తో పోగుచేసి పెట్టెలో వేసుకుని, మూత పెట్టి వెళ్లిపోయాడు.

కొన్ని నెలల తర్వాత షాపుకొచ్చిన కంపెనీ మనిషితో ఇదో జోకులా చెప్పాను. అతను నవ్వలేదు. కొన్ని షూలకి సోల్ పాలీయురిథేన్‌తో చేస్తారు, గాలిలో ఉన్న తేమ ఏళ్ల తరబడి లోపలికి చేరి ఆ పదార్థాన్ని విడగొడుతుంది, దాన్ని హైడ్రాలిసిస్ అంటారు, వేసుకున్నా వేసుకోకపోయినా, పెట్టెలో ఉన్నా అది జరుగుతుంది అని చెప్పాడు. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. ఏదైనా మంచి రోజు కోసం దాచుకున్నాడేమో. ఆయన మళ్లీ మా షాపుకి రాలేదు, వచ్చినా నేను గుర్తుపట్టలేదు.

అప్పటి నుంచి వెనక్కి వచ్చిన ప్రతి జతకీ రెండు ప్రశ్నలు అడుగుతాను: ఎప్పుడు కొన్నారు, ఎక్కడ పెట్టారు. ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న జతని మార్చి ఇవ్వడమా వద్దా అన్నది షాపు రూలు తేలుస్తుంది, అది నా చేతిలో లేదు. "మీరు చెప్పింది నిజమే, ఈ రకం సోల్ ఇలా అవుతుంది" అనడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. డబ్బు తిరిగి రాకపోయినా ఈ ఒక్క మాటతో చల్లబడి వెళ్లినవాళ్లని చూశాను. ఇక కొత్త జత అమ్మేటప్పుడే "దాచుకోకండి, అప్పుడప్పుడూ వేసుకోండి" అని చెప్పడం అలవాటు చేసుకున్నాను.

తిట్లు మొదలైతే

"కస్టమర్ ఎప్పుడూ రైటే" అన్న మాట లండన్‌లో 1909లో పెద్ద దుకాణం తెరిచిన హ్యారీ గోర్డన్ సెల్ఫ్రిడ్జ్‌దని కొందరంటారు. అంతకుముందు షికాగోలో ఆయన పనిచేసిన దుకాణం యజమాని మార్షల్ ఫీల్డ్‌దని కొందరంటారు. ఎవరిదైనా, కొన్నాక ఆ ఖర్మ నీదే అనే వ్యాపారం చుట్టూ నడుస్తున్న రోజుల్లో, ముందు ఫిర్యాదు వినండి అని దుకాణాలకి చెప్పిన మాటగా నేను దాన్ని తీసుకుంటాను. నా లెక్కలో అది వస్తువు వరకే. షూ గురించి కస్టమర్ ఏం చెప్పినా వింటాను. నా గురించి, నా చదువు గురించి, నా పుట్టుక గురించి చెప్పేది వినడానికి నాకు జీతం ఇవ్వడం లేదు.

తిట్లు మొదలైన క్షణంలో చేయాల్సిన మొదటి పని లేచి నిలబడడం. స్టూలు మీద ఉన్నంతసేపూ ఆయనకి మీ నడినెత్తి కనిపిస్తుంది, మనిషి కనిపించదు. ఒకసారి ఒకాయన వేసి చూసిన షూని విప్పి ఇవ్వకుండా, కాలితోనే నా ముఖం వైపు తోశాడు. అప్పుడు నేను తల వంచుకుని దాన్ని అందుకున్నాను. ఆ అందుకోవడం ఇప్పటికీ గుర్తొస్తుంది. ఇప్పుడైతే లేస్తాను, రెండడుగులు వెనక్కి వేస్తాను, కౌంటర్ దగ్గరుంటే దాని అవతలికి వెళ్తాను. గొంతు పెంచను. "సార్, మీ సమస్య చూస్తాను. ఈ మాటలు ఆపితేనే చూడగలను." అంతే. మళ్లీ అదే జరిగితే "ఇన్‌ఛార్జిని పిలుస్తున్నాను" అని చెప్పి నిజంగా పిలవాలి. పిలుస్తానని బెదిరించి పిలవకపోవడం కంటే అసలు అనకపోవడం నయం. చెయ్యి పడితే ఇక అమ్మకం లేదు, మర్యాద లేదు, సెక్యూరిటీని పిలవడమే. ఆ పూటే టైము, అన్న మాటలు, చూసినవాళ్ల పేర్లు రాసి పెట్టండి. రేపటికి మీకే "అంతగా ఏమన్నాడులే" అనిపిస్తుంది.

తిట్టే కస్టమర్ కంటే నన్ను ఎక్కువ కుంగదీసింది ఇంకోటుంది. రూలు ప్రకారం కాదన్నాను. ఆయన అరిచాడు. ఇన్‌ఛార్జి వచ్చి, నవ్వుతూ, అదే పని చేసిచ్చాడు. కస్టమర్ వెళ్తూ నా వైపు చూసిన చూపు ఉంటుందే! దానికి తోడు ఆయన రెండు పాఠాలు నేర్చుకుని వెళ్లాడు: ఇక్కడ అరిస్తే పనవుతుంది, ఈవిడ మాట చెల్లదు. దీనికి మందు గొడవ జరిగేటప్పుడు దొరకదు. షాపు ఖాళీగా ఉన్న పూట ఇన్‌ఛార్జితో కూర్చుని నేనన్నది ఇది: "మినహాయింపు ఇవ్వడం మీ ఇష్టం సార్. కానీ నా తల మీదుగా ఇవ్వకండి. నన్ను పక్కకి పిలిచి చెప్పండి, నేనే వెళ్లి ఇస్తాను." ఆయన ఒప్పుకోవడానికి రెండు సార్లు అడగాల్సి వచ్చింది. ఇప్పుడు నేనే వెళ్లి "ఇన్‌ఛార్జిగారితో మాట్లాడాను, ఈసారికి మార్చి ఇస్తున్నాం" అంటాను. ఇచ్చిన జత అదే, షాపుకి పడిన ఖర్చూ అంతే. మర్నాడు ఫ్లోర్ మీద నా మాటకి మాత్రం విలువ మిగిలింది.

షిఫ్ట్ అయ్యాక

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో మా పనికి ఒక పేరు పెట్టింది: భావోద్వేగ శ్రమ. ఆమె గమనించింది విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లని, కానీ చదువుతుంటే మా ఫ్లోరే కనిపించింది. లోపల ఒకటుంటే పైకి ఇంకోటి చూపించడం ఒక రకం, ఎదుటివాళ్ల మీద నిజంగానే జాలి తెచ్చుకుని లోపలిదాన్నే మార్చుకోవడం ఇంకో రకం అంటుంది. నేను మొదటిదానిలో దిట్టని. రెండోది రోజుకి ఐదారుగురి దగ్గరే చేతనవుతుంది, అదీ మధ్యాహ్నం లోపు. ఆ తర్వాత జాలి అయిపోతుంది. అందుకే గట్టి గొడవ అయిన వెంటనే ఇంకో కస్టమర్‌ని పట్టుకోకండి. స్టాక్ రూమ్‌లోకి వెళ్లి రెండు నిమిషాలు పెట్టెలు సైజు వరసలో సర్దండి. అంకెలు వరసగా చూస్తుంటే తల తేటపడుతుంది. నాకైతే తేటపడుతుంది.

అలా చెయ్యని రోజు ఏమవుతుందో కూడా చెబుతాను. ఒక సాయంత్రం నా కూతురు స్కూల్ షూ కరుస్తోందంది. పొద్దుట్నుంచీ ఆ మాటే వింటున్నానేమో, "ఉన్నదే వేసుకో" అని కసిరాను. వారం తర్వాత చూస్తే మడమ మీద పుండు. ఊళ్లోవాళ్ల కాళ్లన్నీ నిలబెట్టి కొలిచేదాన్ని, దాని కాలు కొలిచి ఏడాది దాటింది.

ఇక మూసే టైముకి ఐదు నిమిషాల ముందు వచ్చేవాళ్లు. లైట్లు ఆర్పి బెదరగొట్టకండి. "ఐదు నిమిషాల్లో మూస్తాం సార్, ఏ మోడల్ కావాలో చెబితే సూటిగా అదే తెస్తాను" అనండి. సగం మంది రేపొస్తామంటారు. మిగతా సగం చకచకా కొనుక్కుని వెళ్తారు, రోజంతటిలో తేలికైన అమ్మకాలు అవే.

వాళ్లు వెళ్లాక షట్టర్ దించే ముందు ఆ రోజు బయటికి తీసిన ప్రతి పెట్టె తెరిచి చూడండి. కుడీ ఎడమా రెండూ ఉన్నాయా, రెండు సోళ్ల మీదా ఒకే అంకె ఉందా, పెట్టె మీది అంకె కూడా అదేనా. హడావిడిలో 8 కుడిదీ 9 ఎడమదీ ఒకే పెట్టెలోకి వెళ్లిపోతాయి. అంటే ఎక్కడో వీటి జతలు ఇంకో పెట్టెలో ఉన్నాయన్నమాట. అదీ ఈ రాత్రే వెతకండి.